చదవకుండా పెట్టిన బొటనవేలు

ఎర్ర లైటు మీద డెబ్బై ఎనిమిది, డెబ్బై ఏడు, డెబ్బై ఆరు, ఇంత నింపాదిగా దిగే అంకెల్ని నేనెప్పుడూ చూడలేదు, టాక్సీ వెనక సీట్లోంచి ముందుకు వంగి డ్రైవరు భుజం మీదుగా వాటినే చూస్తున్నాను, గుడ్లురిమి చూస్తే తొందరపడతాయన్నట్టు. మూడూ నలభై ఒకటి. నాలుగింటికి ఆ బిల్డింగ్ వాచ్‌మన్ ఏడో అంతస్తు పైనున్న మిషన్ గదిలోకి వెళ్లి లిఫ్టు మెయిన్ స్విచ్ వేస్తాడు, వేయమని చెప్పింది నేనే. ఆ సమయానికి నా మరిది, నా సొంత చెల్లెలి మొగుడు, లిఫ్టు పెట్టె కింద ఉండే గోతిలో మోకాళ్ల మీద కూర్చుని కప్పీ మారుస్తూ ఉంటాడు. పైవాడికి కిందివాడి సంగతి తెలియదు, కిందివాడికి పైవాడి సంగతి తెలియదు. రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నేనేమో ఈ టాక్సీలో ఉన్నాను.

మరిది ఫోను పరిధిలో లేదు. గోతిలో సిగ్నల్ ఉండదు, ఉండదని ఇరవై ఏళ్లుగా తెలుసు, అయినా పదకొండు సార్లు చేశాను, పదకొండు సార్లూ ఆ ఆడమనిషి అంతే మర్యాదగా చెప్పింది, ఆ మర్యాదకి నాకు ఒళ్లు మండిపోతోంది. వాచ్‌మన్ ఫోను మోగుతోంది కానీ ఎత్తడు, అది బొత్తాల ఫోను, గదిలో చార్జింగుకి పెట్టి ఆయన గేటు దగ్గర కూర్చుంటాడు. బిల్డింగ్ సెక్రటరీకి చేస్తే ఆయన ఎత్తలేదు, 'మీటింగులో ఉన్నాను, దయచేసి మెసేజ్ పెట్టండి' అని ఆయన ఫోనే తనంతట తాను జవాబిచ్చింది. పెట్టాను. ఒకే టిక్కు పడింది, రెండోది పడటం లేదు. అత్యవసర నంబరుకు చేశాను, ఒకటి నొక్కమన్నారు, మూడు నొక్కమన్నారు, చివరికో మనిషి దొరికి "ప్రమాదం జరిగిందామ్మా?" అన్నాడు. "ఇంకా జరగలేదండీ, నాలుగింటికి జరుగుతుంది" అన్నాను. అతను బండి పంపిస్తాం, లొకేషన్ లింకు నొక్కండి అన్నాడు. నొక్కితే అది నేనున్న చోటు చూపించింది, ఈ ఎర్ర లైటు. చిరునామా టైపు చేశాను. 'మీ అభ్యర్థన అందింది, ధన్యవాదాలు' అని వచ్చింది. అందరికీ అన్నీ అందుతున్నాయి, నా మరిదికి తప్ప.

పచ్చ లైటు. కదిలాం. మూడు కార్ల దూరం కదిలి మళ్లీ ఆగాం. డ్రైవరు ముందున్న ఫోను కుడికి తిరగమంటోంది, కుడి పక్కన తవ్వి పెట్టారు, అది మాత్రం కుడికి కుడికి అని నస పెడుతూనే ఉంది. "దాని మాట వినకండి, తిన్నగా పోనివ్వండి" అన్నాను. "అదే దగ్గరంటుంది మేడమ్" అన్నాడు. ఒళ్లో నా ఫోను గజగజా వణుకుతోంది. లిఫ్టులు బాగుచేసే మా ఆఫీసువి పద్నాలుగు గ్రూపులు. బ్రేకుల గ్రూపు, తాళ్ల గ్రూపు, ఒక్కో పేటకు ఒక్కో గ్రూపు, సెలవులది, పుట్టినరోజులది, మేనేజరు ఉన్నది, మేనేజరు లేకుండా పెట్టుకుంటే ఎవరో జాలిపడి ఆయన్నీ చేర్చినది. ఇప్పుడు కూడా ఎవరో పువ్వు బొమ్మ పంపారు.

ఆ మెసేజ్ మళ్లీ తెరిచాను. రెండూ పదికి పెట్టాడు. 'వదినా, నా తాళం పొద్దుటి బిల్డింగులో మర్చిపోయాను. ఊరికే స్విచ్ ఆపి పిట్‌లోకి దిగుతున్నా. ఒక గంట అనుకున్నది రెండు మూడు గంటలు పట్టేలా ఉంది. నేను ఎక్కి చెప్పేదాకా ఎవరూ వేయకుండా వాచ్‌మన్‌కి ఫోన్ చేసి చెప్పండి, ఆయన గేటు దగ్గర లేడు, నాకు దొరకలేదు.' తాళం అంటే స్విచ్చుకు వేసే తాళం, ప్రతి మెకానిక్కుకీ సొంతానిది ఒకటి ఇస్తాం, గోతిలోకి దిగేముందు స్విచ్ ఆపి దానికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుంటాడు, అప్పుడు దేవుడు దిగొచ్చినా పైన కరెంటు వేయలేడు. ఆ తాళం లేదని చెప్పాడు, పాపం వివరంగా, అంత పెద్ద మెసేజ్ అతనెప్పుడూ పెట్టలేదు. దాని కింద నా బొటనవేలు. పసుప్పచ్చగా, బొద్దుగా, నిలువుగా. రెండూ పదికే. అదే నిమిషంలో.

మధ్యాహ్నం తిండి దగ్గర పావుగంట ఫోను పక్కన పెట్టాను, అంతే, తిరిగి చూసేసరికి నూటా పన్నెండు. మా మేనేజరు కొత్తగా ఒక పద్ధతి పెట్టాడు, ఏ మెసేజ్ అయినా రెండు నిమిషాల్లో చూసినట్టు గుర్తు పెట్టాలి, నెలాఖరుకి ఎవరు ఎంత తొందరగా పెట్టారో పట్టీ తీసి గోడ మీది తెరకి ఎక్కిస్తాడు. వరసగా మూడు నెలలు నేనే మొదట ఉన్నాను. సగటున నలభై సెకన్లు. అందరూ చప్పట్లు కొట్టారు, నేను కూడా సిగ్గులేకుండా నవ్వి ఫొటో దిగాను. దాని రహస్యం ఏమిటంటే చదవకపోవడం. మొదట్లో చదివి పెట్టేదాన్ని, తర్వాత మొదటి వరస చదివి పెట్టేదాన్ని, తర్వాత పేరు చూసి పెట్టేదాన్ని, ఈమధ్య గ్రూపు తెరిచి పైనుంచి కిందికి టకటకా పెట్టుకుంటూ పోతాను, పప్పులో రాళ్లు ఏరినంత శ్రద్ధ కూడా ఉండదు. రెండూ పదికి అలా పెడుతూ ఉండగానే అతని మెసేజ్ వచ్చి పడింది. వచ్చిన రెండు సెకన్లకి పెట్టేశాను. ఆ రెండు సెకన్లలో 'వదినా' అన్న మాటైనా చదివానో లేదో.

అంతటితో పోయినా బాగుండేది. మూడూ ఇరవైకి సెక్రటరీ నుంచి ఏడో మెసేజ్, లిఫ్టు ఎప్పుడు, పిల్లలు బడి నుంచి వస్తారు, ముసలివాళ్లు మెట్లెక్కలేకపోతున్నారు, ఎప్పుడు, ఎప్పుడు. గ్రూపు చూశాను. అడుగున 'అయిపోయింది' అని ఉంది. ఒక్క మాట. నాకు కావలసిన మాట. అది పెట్టింది గున్న, అంటే మేమంతా అలా పిలిచే మా లావాటి మెకానిక్కు, మూడు కండువాలు కప్పినా ఇంకా మిగిలే మనిషి, అతను వేరే పేటలో వేరే బిల్డింగులో ఉన్నాడు, అతని పని అయిపోయింది. నేను మా మరిది పని అయిపోయిందనుకున్నాను. పేరు చూడలేదా అంటే చూశాననే అనుకుంటున్నాను, కళ్లు చూసే ఉంటాయి, మనసు అప్పటికే సెక్రటరీకి జవాబు టైపు చేస్తోంది. వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను, అప్పుడు మాత్రం మొదటి మోతకే ఎత్తాడు మహానుభావుడు. "మావాళ్లు సామాను సర్దుకుంటూ ఉంటారు, కాస్త టైమిచ్చి సరిగ్గా నాలుగింటికి మెయిన్ వేసెయ్" అన్నాను. "అట్లాగే మేడమ్" అన్నాడు. ఆ కాస్త టైము ఇవ్వమనడం ఒక్కటే నేనివాళ చేసిన మంచి పని, అదీ పొరపాటున. మూడున్నరకి ఆ పని పూర్తయినట్టు రాసుకోబోతూ చూస్తే 'అయిపోయింది' పక్కన గున్న పేరుంది, పైకి జరిపితే మరిది మెసేజ్ కనిపించింది.

మూడూ నలభై ఎనిమిది. వంతెన ఎక్కాం. వంతెన మీద కార్లు ఒకదాని వెనక ఒకటి ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాయి. దిగి పరిగెత్తనా? ఇంకా నాలుగు కిలోమీటర్లు. నాకు నలభై ఆరేళ్లు, మోకాలు నొప్పి, పరిగెత్తితే ఐదింటికి చేరతాను. కూర్చో. గోతిలో కూడా ఒక ఎర్ర బొత్తాం ఉంటుంది, అది నొక్కి దిగితే పైన ఎవరేం చేసినా పెట్టె కదలదు, ఆ మాట గుర్తొచ్చి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది, అతను తెలివైనవాడు, నొక్కే దిగి ఉంటాడు. మరుక్షణం ఇంకోటి గుర్తొచ్చింది. వెతికాను. మూడు వారాల కిందటిది. 'ఈ బిల్డింగు పిట్‌లో స్టాప్ బొత్తాం పని చేయడం లేదు, మార్చాలి, కొత్తది పంపండి.' దాని కింద కూడా నా బొటనవేలే.

ఈ మేనేజరుకి ముందు మేడమ్ ఉన్నప్పుడు ఇదంతా లేదు. గోడకు నల్లబల్ల ఉండేది, పక్కన సుద్దముక్క. మెకానిక్కు గోతిలోకి దిగేముందు ఆ బిల్డింగులో ఉన్న ఫోనులోంచి ఆఫీసుకు చేసి "దిగుతున్నా" అనేవాడు, నేను అతని పేరు, బిల్డింగు, టైము బల్ల మీద రాసేదాన్ని, ఎక్కాక మళ్లీ చేసి "ఎక్కేశా" అనాలి, అతని గొంతుతో అతనే అనాలి, అప్పుడే చెరపాలి. పేరు బల్ల మీద ఉండగా ఆ బిల్డింగుకు కరెంటు వేయమని చెప్పే అధికారం మేడమ్‌కే లేదు. నేను చేరిన కొత్తలో ఫోన్లో "సరే, విన్నాను" అంటే ఆవిడ నా చేతిలోంచి రిసీవరు లాక్కుంది. "విన్నానని అనకు. ఏం విన్నావో చెప్పు" అంది. అప్పుడు ఎంత కోపం వచ్చిందో, పదిమంది ముందు అలా అంటుందా అని బాత్రూములో ఏడ్చాను కూడా. ఆఫీసు కొత్తగా తీర్చిదిద్దినప్పుడు ఆ బల్ల తీసేశారు. అక్కడిప్పుడు తెర పెట్టారు, దాని మీద పట్టీ తిరుగుతుంటుంది, నా పేరు, నలభై సెకన్లు.

ఫోను మోగింది. చెల్లెలు. ఎత్తకూడదు. ఎత్తకపోతే? ఎత్తాను.

"అక్కా, ఆయన ఫోన్ కలవట్లేదు. పాపకి ఒళ్లు వెచ్చగా ఉందని బడి నుంచి పంపేశారు. ఆయన ఎక్కడున్నాడో నీకు తెలుస్తుంది కదా?"

"పని మీద ఉన్నాడే. లోపలుంటే సిగ్నల్ ఉండదుగా."

"నీ గొంతేంటి అలా ఉంది?"

"బయట ఉన్నాను. రోడ్డు మీద. గోల."

"సరే, ఎక్కగానే ఓసారి చెయ్యమను. గాభరా పడాల్సిందేం లేదని చెప్పు, కొంచెం వెచ్చగా ఉందంతే."

గాభరా పడొద్దంటోంది. అది నాతో అంటోంది. పెట్టేసింది, నేను మాత్రం ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నాను. పన్నెండేళ్ల కిందట అతనికి ఈ ఉద్యోగం చూపించింది నేను, అప్పటిదాకా ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసుకుంటూ ఉండేవాడు. చెల్లి వద్దంది. గోతుల్లో దిగడం, పెట్టెల మీద నిలబడటం, ఇదేం పనే అక్కా, నాకు భయం అంది. నేనేమన్నాను? పెద్ద మొనగత్తెలా, "నీకెందుకే భయం, ఆఫీసులో కూర్చునేది ఎవరు? నాకు చెప్పకుండా అక్కడ ఒక్క స్విచ్ కూడా కదలదు" అన్నాను. అది నమ్మింది. చిన్నప్పటి నుంచీ అంతే, నేను చెబితే చాలు, లోతెంతో చూడకుండా దిగిపోతుంది. నిజమే కదా, ఇవాళ కూడా నాకు చెప్పకుండా స్విచ్ కదలడం లేదు. నేను చెబితేనే కదులుతోంది.

మూడూ యాభై ఐదు. వంతెన దిగాం. గ్రూపులో పెట్టాను ఇందాక, బయలుదేరేటప్పుడు, మెట్లు దిగుతూ, 'కరెంటు వేయొద్దు, మనిషి లోపల ఉన్నాడు, దగ్గర్లో ఎవరున్నా వెంటనే వెళ్లండి' అని, బిల్డింగు పేరుతో సహా. ఇప్పుడు చూస్తే దాని కింద పదకొండు బొటనవేళ్లు. పదకొండు. ఒక్కడూ ఫోన్ చేయలేదు, ఒక్కడూ నేను వెళ్తున్నా అనలేదు. పదకొండుమందీ మంచివాళ్లే, నాకు ఒంట్లో బాగా లేనప్పుడు మార్చి మార్చి ఆస్పత్రిలో కూర్చున్నవాళ్లే. గున్నకి నేనే చేశాను. "అక్కా, బొటనవేలైతే పెట్టాను కానీ, నిజం చెప్పొద్దూ, ఏముందో చూళ్లేదు" అన్నాడు. చెప్పాను. అవతల ఏదో ఇనప వస్తువు కింద పడిన చప్పుడైంది. "బయల్దేరుతున్నా" అన్నాడు. అతనున్న చోటి నుంచి గంట పడుతుంది. తిట్టాలనిపించలేదు, ఏ మొహం పెట్టుకుని తిడతాను.

మూడూ యాభై ఎనిమిది. మళ్లీ వాచ్‌మన్‌కి. మోగుతోంది, మోగుతోంది, మోగుతోంది. ఎత్తు నాయనా. నీ కాళ్లు పట్టుకుంటాను, ఎత్తు. ఆయన ఎంత నమ్మకస్తుడో నాకు తెలుసు, అదే నా భయం. నాలుగన్నానంటే నాలుగే. కొంచెం బద్ధకస్తుడైతే ఎంత బాగుండేది, ఇంకో కునుకు తీసి నాలుగున్నరకు లేచేవాడైతే. ఆయన మెట్లెక్కుతూ ఉంటాడు ఇప్పుడు. లిఫ్టు లేదు కదా, ఏడంతస్తులూ మెట్లే. మోకాళ్లు నొప్పి పుట్టనీ, మధ్యలో కూర్చోనీ. ఎవరి మోకాళ్లు నొప్పి పుట్టాలని ఇంత గట్టిగా ఎప్పుడూ కోరుకోలేదు.

నాలుగు.

ఏమీ జరగలేదు. అంటే ఇక్కడ ఏమీ జరగలేదు. పక్క స్కూటరు మీద ఒకావిడ వెనక కూర్చున్న పిల్లాడికి టోపీ సర్దుతోంది. డ్రైవరు ఆవలించాడు. స్విచ్ వేయగానే పెట్టె కదలదు, ఎవరో ఒకరు బొత్తాం నొక్కాలి, ఏ అంతస్తులోనో, ఏ ముసలాయనో, హమ్మయ్య వచ్చింది అనుకుంటూ కింద అంతస్తు నొక్కాలి. పిల్లలు వచ్చే వేళ. నొక్కకుండా ఉంటారా? పెట్టె నేల దాకా వచ్చాక కూడా దాని అడుగుకీ గోతి నేలకీ మధ్య కాస్త జాగా ఉంటుంది, వంగిన మనిషికి సరిపోతుందేమో, కప్పీ దగ్గర చేతులు పెట్టిన మనిషికి సరిపోదు. అతని చేతులు. పాప పుట్టినప్పుడు గ్రీజు పోయేదాకా తోముకుని తోముకుని, ఇంకా మురికేనంటూ ఎత్తుకోవడానికి జంకాడు. నాలుగూ రెండు. నాలుగూ మూడు. ఫోను వణికిన ప్రతిసారీ అదే అనుకుని చూస్తున్నాను, పువ్వుకి ఎవరో ఇంకో పువ్వు పంపారు.

నాలుగూ తొమ్మిదికి సందు మొదట్లో దిగేశాను, డ్రైవరు వెనకనుంచి ఏదో అరిచాడు. పరిగెత్తాను. మోకాలు ఉందో లేదో తెలియలేదు. గేటు తీసే ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. లోపల, లిఫ్టు తలుపు ముందు, మెట్ల మీద వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని. తలుపు పైన దీపం వెలగడం లేదు. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"వేశావా?" అన్నాను చివరికి.

"లేదు మేడమ్" అన్నాడు తప్పు చేసినవాడిలా లేచి నిలబడుతూ. "మీరు నాలుగన్నారు, నేనూ బయల్దేరాను. ఇదిగో, ఇవి ఇక్కడున్నాయి." తలుపు పక్కన ఒక జత చెప్పులు, మడమ దగ్గర అరిగినవి. "బూట్లు తొడుక్కుని ఇవి ఇక్కడ వదిలాడు. మనిషి బయటికొచ్చుంటే చెప్పులేసుకుని పోడా? అయిపోయిందని మీరన్నారు కానీ, చెప్పులున్నాయి. సరే, ఆయనొచ్చేదాకా కూర్చుందామని కూర్చున్నాను. ఆలస్యమైందా మేడమ్?"

నేను ఆయన పక్కనే మెట్టు మీద కూలబడ్డాను. అత్యవసరం వాళ్లకి ఫోన్ చేసి బండి అక్కర్లేదని చెప్పాను, గున్నకి చెప్పాను, రెండు సార్లు చెబితే గానీ నా గొంతు వాళ్లకి అర్థం కాలేదు. కింద ఇనుము మీద సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి, ఒకటి, ఆగి ఇంకొకటి. ఆ చప్పుడు వింటూ ఎంతసేపు కూర్చున్నానో. తర్వాత తలుపు సందులోంచి చేతిదీపం, ఆ వెనక తల, ఆ వెనక భుజాలు, మొహమంతా నల్లగా, మా మరిది నిచ్చెన ఎక్కి పైకొచ్చాడు.

"వదినా! మీరేంటి ఇక్కడ?"

ఊరికే, ఇటు పనుండి వచ్చాను అనొచ్చు. వాచ్‌మన్ నీళ్ల సీసా తేవడానికి వెళ్లాడు, ఆయనకి అసలు ఏం జరగబోయిందో తెలియనే తెలియదు. ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే అయిపోతుంది, రేపు బొత్తాం తెప్పించి వేయిస్తాను, కొత్త తాళాలు రెండేసి ఇప్పిస్తాను, ఇంకెప్పుడూ ఇలా చేయను. అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు, "తాళం లేదుగా, దిగాలంటే కొంచెం బెరుకనిపించింది వదినా. ఇంకెవరైనా అయితే ఫోన్ చేసి అడిగి, వాళ్ల గొంతు విన్నాక గానీ దిగేవాణ్ణి కాదు. మీరు వెంటనే బొటనవేలు పెట్టారు కదా. వదిన చూసింది, ఇంకేంటి అని దిగేశాను."

"నేను చదవలేదు" అన్నాను.

అతను నవ్వబోయాడు, ఆగాడు. మిగతాదంతా చెప్పాను, నాలుగింటికి వేయమన్నది నేనేనని, గున్న మాట అతని మాటనుకున్నానని, బొత్తాం సంగతి, అన్నీ. తలెత్తకుండా చెప్పాను. అతను గుడ్డతో ఒకే వేలిని తుడుస్తూ విన్నాడు, చాలాసేపు. చీకటి గొయ్యి వైపు ఒకసారి చూశాడు, పైకి, పెట్టె అడుగు వైపు ఒకసారి చూశాడు. తర్వాత గోడకు చేయి ఆనించాడు.

నా ఫోను మోగింది. చెల్లెలు. అతను పేరు చూసి చేయి చాపాడు, ఇచ్చాను.

"ఆఁ, నేనే... లోపలున్నా, సిగ్నల్ లేదు... ఎంతుంది జ్వరం?... సరే, గంటలో వచ్చేస్తా." కాసేపు విన్నాడు. నా వైపు చూడలేదు. "వదినా? ఇక్కడే ఉంది. ఏం లేదు, ఇటు పనుండి వచ్చిందంట, పలకరించి పోదామని ఆగింది. నువ్వేం గాభరా పడకు, వదినుంది కదా."